మురుగు కాలువకు జవాబుదారీ ఎవరు?

మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఐర్లండు రాజ్యాంగమే ఒరవడి అన్న సంగతి పాఠకులకు విదితమే. 1937 నాటి ఆ రాజ్యాంగం ప్రసక్తి ఢిల్లీలో తరచు వస్తూనే ఉంటుంది. కాని అక్కడి పల్లెల్లో పొలం మీద నిలిచిన వాననీటిని సాగనంపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ ఎవరి చెవినా పడదు. డెల్టా రైతులకైతే ఆ ప్రశ్న పరాయిది కాదు. మురుగు కాలువల పేరిట కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో సెస్సు వేయడానికి 1968లోనే చట్టం వచ్చింది.

ఐర్లండు అంచుల్లో ఎత్తుగా, నడుమ పళ్ళెంలా పల్లంగా ఉండే దేశం. వానకు కొదవ లేదు, నదులకు వడి లేదు. నీరు తీయకపోతే పచ్చిక కుళ్ళి పశువులకు మేత కరువవుతుంది. 1842లో బ్రిటిష్ పాలకులు మురుగు పారుదలకు చట్టం చేశారు. మహాక్షామం నాడు ఈ తవ్వకాలే కరువు పనులయ్యాయి. భూస్వాములు తమలో తాము డ్రెయినేజి బోర్డులు ఏర్పరచుకొని, అప్పు తెచ్చి తవ్వించి, లబ్ధి పొందిన భూముల నుంచి ఆ బాకీ రాబట్టుకునే వీలు 1863 చట్టంతో కలిగింది. తవ్వేటప్పటి ఉత్సాహం ఏటేటా పూడిక తీయించే దగ్గరకు వచ్చేసరికి నీరుగారిపోయింది. భూస్వాముల పెత్తనం పోయింది. చాలా బోర్డులు కాగితాల మీద మిగిలాయి. స్వతంత్ర ప్రభుత్వం 1924, 1925 సంవత్సరాల్లో చట్టాలు చేసి మరమ్మతులకు పూనుకొన్నది.

అసలు మార్పు 1945లో వచ్చింది. నదీ పరీవాహక ప్రాంతాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్న సూత్రంతో కొత్త పథకాలను పబ్లిక్ వర్క్స్ కార్యాలయమనే జాతీయ సంస్థకు అప్పగించారు. పూర్తయిన పథకాన్ని సక్రమ స్థితిలో ఉంచడం దాని చట్టబద్ధ విధి. ఇప్పుడు సుమారు 11,500 కిలోమీటర్ల కాలువలు దాని అధీనంలో ఉన్నాయి. కాని పాత బోర్డుల వారసత్వమైన డ్రెయినేజి జిల్లాలు, దాదాపు 4,600 కిలోమీటర్ల మేర, కౌంటీ కౌన్సిళ్ళ నెత్తిన మిగిలాయి.

చిక్కంతా ఈ విభజనలోనే ఉన్నది. జాతీయ సంస్థ ఖర్చును కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ పరిశీలిస్తారు. అక్కడి దిగువసభ డాయిల్ నియమించిన పబ్లిక్ అకౌంట్స్ సంఘం అధికారులను పిలిచి నిలదీస్తుంది. కౌన్సిళ్ళ లెక్కలు ఆ పరిధిలోకి రావు. వాటిని చూసేది వేరొక స్థానిక ఆడిట్ విభాగం. ఆ నివేదిక తిరిగి కౌన్సిలు ముందుకే వస్తుంది. పొలం మునిగిన రైతు తరఫున సభ్యుడు డాయిల్‌లో ప్రశ్న వేస్తే, డ్రెయినేజి జిల్లాల నిర్వహణ స్థానిక సంస్థల బాధ్యత అన్న సమాధానంతో మంత్రి కూర్చుంటారు. నీటికి మాత్రం ఏ కాలువ ఎవరిదో తెలియదు కదా!

దీనికి తోడు వ్యవసాయ భూములపై విధించే స్థానిక పన్ను రాజ్యాంగ విరుద్ధమని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత మదింపులు అన్యాయమైనవి గనుక తీర్పు సబబే. అయితే పన్ను కట్టినవాడిగా కౌన్సిలును నిలదీసే రైతు హక్కుకు ఉన్న పట్టు ఆ తీర్పుతోనే సడలిందని మా అభిప్రాయం.

షానన్ నది సంగతి మరీ విడ్డూరం. ఒకచోట నీటిమట్టం విద్యుత్ సంస్థ చేతిలో, ఇంకొకచోట జలమార్గాల సంస్థ చేతిలో. 2015-16 శీతకాలపు వరదల తరువాత, 2016లో ఈ సంస్థలన్నిటినీ ఒక సమన్వయ సంఘంలో కూర్చోబెట్టారు. ఎవరి అధికారాలు వారికే మిగిలాయి.

కాలువలన్నీ ఎడాపెడా తవ్వేయమని మేము అనడం లేదు. ఎగువ రైతు పొలం ఆరితే దిగువ పట్టణం మునగవచ్చు. నదీగర్భంలోని జీవరాశి నశించవచ్చు. యూరపు చట్టాలు ఆ పరీక్ష కోరుతున్నాయి, కోరవలసిందే. కాని తవ్వనప్పుడు ఎందుకు తవ్వలేదో చెప్పే మనిషి ఉండాలి. డ్రెయినేజి జిల్లాల పద్దులను ఆడిటర్ జనరల్ పరిధిలోకి తేవాలి. ఏ కాలువకు ఏ సంవత్సరం పూడిక తీశారో, ఎంత ఖర్చయిందో, తీయకపోతే కారణమేమిటో కౌన్సిలు కార్యాలయం గోడమీద అంటించాలి. అందుకు కొత్త బోర్డు అక్కరలేదు, ఒక గుమాస్తా చాలు.