బొమ్మ కింది పేర్లు

పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండులో అచ్చయిన చర్చిల, పురభవనాల, వీథుల చిత్రాలను అంతర్జాలంలో చూసేటప్పుడు నా దృష్టి బొమ్మ కంటె దాని కింది సన్నని అక్షరాల మీదనే ఎక్కువసేపు నిలుస్తుంది. ఎడమ మూల గీసినవాని పేరు; కుడి మూల రేకు మీద చెక్కినవాని పేరు; అడుగున ప్రచురణకర్త పేరు, చిరునామా, తేదీ. ఇది మర్యాద కోసం వేసింది కాదు. 1735లో అమలుకు వచ్చిన చట్టం ప్రకారం హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ ఉంటేనే ఆ చిత్రానికి రక్షణ. వ్యాపారులు తమ లాభానికి కోరుకున్న నియమం చరిత్రకు ఉపకరించింది!

ఆకర్‌మన్ 1808-10 నడుమ ప్రకటించిన ‘మైక్రోకాజమ్ ఆఫ్ లండన్’లో భవనాలు ప్యూజిన్ గీస్తే, మనుషులను రోలండ్‌సన్ గీశాడు. (మనిషి లేనిదే కట్టడం ఎంత ఎత్తో కంటికి తెలియదు కదా.) అందులో కనిపించే పార్లమెంటు సభామందిరం 1834 అక్టోబరు 16న కాలిపోయింది. ఎవరు, ఎప్పుడు గీశారో తెలుసు గనుకనే ఆ బొమ్మ నేటికీ సాక్ష్యంగా చెల్లుతున్నది.

మన ఇందూరు సంగతి చూడండి. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయానికి, బోధనులో నక్షత్రాకారంలో ఉన్న దేవల్ మసీదుకు ఫొటోల కొదువ లేదు. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో లాకౌటుతో ఆగిపోయిన చక్కెర ఫ్యాక్టరీ ఫొటోలూ చేతులు మారుతూనే ఉన్నవి. తీసిందెవరు? ఏ సంవత్సరం? పొగగొట్టంలో పొగ లేదు కనుక మూతపడిన తరువాతిదని అనబోతాము. క్రషింగు లేని నెలల్లోనూ పొగ ఉండదు మరి!

శకవర్షం, తిథి, వారం, దాత పేరు, ఒక్కొక్కచోట చెక్కినవాని పేరుతో సహా రాతి మీద వేయించిన జాతి మనది. అట్టి మనమే నేడు ఫొటో నడిబొడ్డున మన పేరు అడ్డంగా పులిమి, తేదీ మరచిపోతున్నాము. అది సొంతదారు ముద్రే గాని సాక్ష్యం కాదు.

బ్లాగ్మిత్రులారా, టపాలో కట్టడపు ఫొటో పెట్టినప్పుడు దాని పేరు, తీసినవారి పేరు, తేదీ, ఏ దిక్కు నుండి తీసినదో కింద వేయండి. ‘ఆగ్నేయం నుండి’ అని ఆ ఇంగ్లీషువారు దిక్కు సైతం వేసేవారు. తేదీ తెలియకుంటే తెలియదనే రాయండి, ఊహించి వేయకండి. శక్కర్‌నగర్ క్వార్టర్లలో కాపురమున్న కుటుంబాల ఆల్బములు మీకు అందుబాటులో ఉంటే, ముందు వాటి వెనుక పెన్సిలుతో రాయించుకోండి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు.