ఇరుకు పెరళ్లలో కొబ్బరి చెట్ల తొలగింపు: విస్తరణలో చేరవలసిన పాఠం

కొబ్బరి మొక్క నాటే గుంట కొలత మొదలు ఎరువుల మోతాదు వరకు ప్రతి అంశాన్నీ విస్తరణ సిబ్బంది రైతుకు వివరిస్తారు. అదే చెట్టు ముదిరి తొలగించవలసి వచ్చినపుడు, ఆ పని చాలాచోట్ల దింపు కార్మికుని ధైర్యానికే వదిలివేయబడుతోంది. కోనసీమ పెరళ్లలో ఇంటికీ పశువుల పాకకూ నడుమ, విద్యుత్ తీగల పక్కన నిలిచిన చెట్ల విషయంలో ఈ ఉపేక్ష ప్రాణాంతకం కాగలదు.

కొబ్బరి ఏకదళబీజ వృక్షం. దాని మాను మొదట, అంచున గట్టిగానూ, నడుమ, పైభాగాన మెత్తగానూ ఉంటుంది. కనుక వేప, టేకు చెట్ల వలె ఒకవైపు గాటు పెట్టి కోరిన దిక్కుకు వాల్చగలమన్న నమ్మకం ఇక్కడ తగదు. చుట్టూ చెట్టు ఎత్తుకు రెండింతల దూరం ఖాళీగా లేనిచోట చెట్టును నిలువునా కూల్చరాదు. మొదట గెలలు, పిదప మట్టలు, ఆపై మాను, ఈ వరుసలో ముక్కలుగా దించవలసి ఉంటుంది. 30 సెంటీమీటర్ల మందం గల పచ్చి మానులో ఒక మీటరు ముక్క సుమారు 60 కిలోలు తూగవచ్చు. దానిని మోకు, కప్పీ సాయంతోనే దించాలి.

అనుభవజ్ఞులకు శిక్షణ అనవసరమనే వాదన ఉన్నది. అయితే కాయ దింపునపుడు చెట్టు స్థిరంగా ఉంటుంది. నరికేటపుడు ముక్క తెగిన ప్రతిసారీ కార్మికుని మోస్తున్న మానే అదురుతుంది. ఈ రెండు నైపుణ్యాలు ఒకటి కావు. గానోడెర్మా తెగులు సోకి మొదలు కుళ్లిన చెట్టుపైకి, ఎర్రముక్కు పురుగు తొలిచిన చెట్టుపైకి మనిషిని ఎక్కించనే కూడదు. క్రేన్ వచ్చే దారి వెదకాలి. తీగలు సమీపంలో ఉంటే లైన్‌మన్ సరఫరా నిలిపిన తరువాతే పని ఆరంభించాలి. ముక్కలు పడే పరిధిలో ఎవరూ ఉండరాదు.

కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుండి చెట్టు ఎక్కడంలో, సస్యరక్షణలో యువతకు శిక్షణ ఇస్తోంది. ముదురు, తెగులు చెట్ల తొలగింపునకు తోటల పునరుద్ధరణ పథకం ద్వారా ఆర్థిక సహాయమూ అందిస్తోంది. నరికే కూలికి సహాయం ఉన్నపుడు, నరికే చేతికి రక్షణ కూడా ఉండాలి. విస్తరణ శాస్త్రవేత్తలు తొలగింపును సాగు పద్ధతుల్లో చివరి అధ్యాయంగా చేర్చి, విద్యార్థులకు క్షేత్రంలో చూపించాలి.

ఆత్మవిశ్వాసమంటే ఏ చెట్టునైనా ఎక్కడం కాదు. మొదలు తట్టి చూసి “ఇది ఎక్కదగిన చెట్టు కాదు” అని యజమాని ఎదుట కార్మికుడు చెప్పగలగాలి. ఆ మాటకు శాస్త్రం అండగా నిలవాలి.