పోయిన మృగమును మరల దెచ్చుట

నశించిన జంతుజాతులను ప్రయోగశాలలో మరల సృజింపవచ్చునను మాట నేడు విరివిగా వినబడుచున్నది. మన హైదరాబాదునకిది క్రొత్త కాదు. ఈ శతాబ్దారంభమున ఇచ్చటి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇరాను చీతా కణములనుండి క్లోనింగు పద్ధతిచే ఆ జాతిని మరల పుట్టింప దలచిరి. ఇరాను సమ్మతింపనందున ఆ యత్నము నిలిచెను. చీతా యనగా మన చిరుతపులి కాదు. మైదానములందు కృష్ణజింకలను తరిమి పట్టు మృగము. మన దేశమున అది అంతరించినట్లు 1952లో ప్రకటించిరి.

శాస్త్రజ్ఞుల నేర్పును శంకింపను. నేనడుగునది రైతు ప్రశ్న: విత్తనము దొరకినను భూమి యెక్కడ? చీతా తిరిగిన గడ్డిబీళ్లలో పెక్కు నేడు సాగుభూములు. జింకలు లేనిచోట నామృగము మేకలమందపై బడదా?

చిరకాలము లేని జంతువు ఆ నేలకు పరదేశియే. పరదేశి జీవమును తెచ్చిన ఫలమును పాతబస్తీ చేరువ మీరాలం చెరువున జూడుడు. పూల యందమునకై దక్షిణామెరికానుండి మన దేశమునకు దెచ్చిన గుర్రపుడెక్క, ఎన్నిమార్లు తీసినను మరల పెరుగుచున్నది. తెచ్చుట యొకనాటి పని. తీయుట తరముల పని.

మధ్యప్రదేశములోని కూనో అడవికి 2022లో నమీబియానుండి 8, 2023లో దక్షిణాఫ్రికానుండి 12 చీతాలను దెచ్చిరి. మనకు వానకాలమైనపుడు వాని స్వదేశమున చలికాలము. అందుచే వాని దేహములు దట్టముగా రోమము పెంచుకొనెను. మెడపట్టీలక్రింద రోమము తడిసి, పుండ్లుపడి, పురుగులుచేరి, రక్తము విషమై 2023లో కొన్ని మరణించెను. తరువాత అచ్చట పిల్లలు పుట్టుటయు నిజమే. బ్రతికియున్న జాతికే యింత కష్టమైనచో, మేత చూపు తల్లి లేక ప్రయోగశాలలో పుట్టినదాని గతి యేమి?

కావున ఏ మృగమునైనను తెచ్చుటకు ముందు మూడు పనులు జరుగవలెను. బీళ్లను, ఆహారజంతువులను లెక్కించి చూడవలెను. చుట్టుప్రక్కల గ్రామముల సమ్మతి పొందవలెను. పశునష్టమునకు పరిహారపు సొమ్ము ముందుగానే వేరుచేసి యుంచవలెను.

ఇంతకన్న మేలైన మార్గము మన కన్నులయెదుటనే గలదు. ఆ చెరువు ప్రక్కనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010లో మూషిక జింకలను పెంచ నారంభించి, 2017లో కొన్నిటిని అమ్రాబాదు అడవిలో విడిచిరి. ఆ జాతి యింకను బ్రతికియున్నది. దాని అడవియు నున్నది. అట్టివాని రక్షణకే మన ధనము మొదట వినియోగపడవలెను.

చచ్చిన బఱ్ఱెకు పాలెక్కువ యను సామెత మీరెరుగుదురు. సోదర రైతులారా, కొట్టములోనున్న దానిని ముందు మేపుదము.