వేలిముద్ర

సారువ విఱిగి తాపీకూలి క్రిందబడిన మఱునాడే గుత్తదారుడు ఆసుపత్రికి పరుగెత్తుట మే మెఱుగుదుము. పరామర్శకు గాదు, వేలిముద్రకు! కొలది సొమ్ము చేతబెట్టి, ఇక నాకేమియు రావలసినది లేదని వ్రాయించుకొనును. కూలివాడు దానిని విధివ్రాతగా నెంచును. ఆ కాగితము చెల్లదు. పరిహారపు హక్కును వదలుకొను ఒడంబడికను 1923 నాటి చట్టమే త్రోసివేసినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఆ నియమమునే నిలిపినది. గుత్తదారుడు మొగము చాటువేసినను, కట్టడములే వ్యాపారముగా గలిగి వానికి పని నప్పగించిన యజమాని బాధ్యుడు. ఈ మాట కూలివాని చెవిని వేయువారెవ్వరు? పఠనమందిరములలో పత్రికలు తిరుగవేయు మనమే గదా! పడిన దినమును, చూచినవారి పేర్లను, వైద్యుని చీటిని జేర్చి పరిహారాధికారికి అర్జీ వ్రాసిపెట్టుటకు ఒక సాయంకాలము చాలును. ఆ సాయంకాలమును మేమును ఇంతవఱకు పలుమాఱులు చీట్లపేకకే వ్యయించితిమి.