మంచం కింది నవ్వు

గురజాడ ‘దిద్దుబాటు’ (1910)ను మన శిక్షణా శిబిరాల్లో చదివిస్తూనే ఉంటాం. చదువుకున్న కమలిని ఒక్క ఉత్తరంతో భర్తను దారికి తెచ్చిందని చెప్పుకుని, హాయిగా నవ్వుకుని, తర్వాతి అంశంలోకి వెళ్ళిపోతాం. ఆ నవ్వు దగ్గర కాస్త ఆగాలని నాకనిపిస్తుంది.

గోపాలరావు పది రోజులుగా రాత్రిళ్ళు ఇంటిపట్టున ఉండడు. లోకహితమైన సభలకంటాడు, వెళ్ళేది సానిపాటకు. కమలిని ఉత్తరంలో ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. సంబోధనలోనే ప్రియం పోయి, పరాయి మగవాడికిచ్చే మర్యాద వచ్చి చేరింది. తానింట్లో ఉండబట్టే ఆయన అబద్ధాలాడవలసి వస్తోందట, అందుకని పుట్టింటికి పోతోందట! ఆమె తప్పుపట్టింది పాటకత్తెను కాదు, అబద్ధాన్ని. సంస్కర్త వేషానికి ఇంతకంటే పదునైన దెబ్బ ఆ రోజుల్లో ఎవరు కొట్టారు?

కానీ ఆమె వెళ్ళలేదు. భర్త పశ్చాత్తాపపడి, బతిమాలి తీసుకురమ్మని నౌకరు రాముణ్ణి పంపబోతుంటే మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. ‘పోతే పోనీ’ అని అతను పడుకుని ఉంటే? ఒక శిబిరంలో ఈ ప్రశ్న వేశాను. “పుట్టిల్లుండబట్టే కదమ్మా, ఆ ఉత్తరం రాయగలిగింది?” అందొకామె. నా డాక్టరేట్ నాకు నేర్పని మాట అది.

చట్టం సంగతి చెప్పనక్కర్లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ ప్రకారం మరొకడి భార్యతో, అతని సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకుంటేనే నేరం. భార్యకు ఫిర్యాదు చేసే హక్కే లేదు. 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మంచిదే. ఈనాటి కమలిని విడాకులు అడగవచ్చు. అడిగాక ఎక్కడుండాలి? మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో భర్త “తప్పయింది” అనగానే రాజీపత్రం రాయించి, ఆమెను అదే ఇంటికి పంపుతున్నాం. ఇల్లెవరి పేరునుందని అడిగేది ఎంతమందిమి?

కథలో మరో స్త్రీ ఉంది. గోపాలరావు మనసు ఆమె మీదికి పరుగెత్తిందని మనకు తెలుస్తుంది. ఆమె మనసేమిటో తెలియదు. మధురవాణిని సృష్టించిన రచయితే ఇక్కడ ఆమెకు ఒక్క మాటైనా ఇవ్వలేదు (కథ చిన్నది కనక అనుకుందామా?). సంసారం చక్కబడ్డాక పాటకత్తె ఏమైందో ఎవరికీ పట్టదు. మన కేంద్రాల్లోనూ అంతే. ‘రెండో ఆమె’ వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టం, వరండాలోనే మాట్లాడి పంపేస్తాం.