బండి మన పేరున, మరి బాధ్యత?

మా వీధిలో ఒకావిడ ఉంది. ఆవిడకు స్కూటీ నడపడం రాదు. అయినా నోటీసు ఆవిడ పేరుకే వచ్చింది, ఆర్.సి.లో ఉన్నది ఆవిడ పేరు కాబట్టి. ఇంటర్ చదివే కొడుకు ఎమ్మిగనూరు రోడ్డులో, పత్తి ఏరి వచ్చి ఆటో దిగుతున్న కూలీ ఆమెను గుద్దాడు. తొడ ఎముక విరిగింది. వాడికి పదిహేడేళ్ళు, లైసెన్సు లేదు. బండి ఇన్సూరెన్సు ముగిసి ఎనిమిది నెలలు.

సంగతి తెలిసిన రోజు నేనూ బీరువా తెరిచి మా బండి కాగితాలు చూశాను. ముగిసి పద్నాలుగు నెలలు! పక్కనే ఎల్లైసీ బాండ్లు, చీటీ పుస్తకం, నగల డబ్బా భద్రంగా ఉన్నాయి. సిగ్గేసింది.

మనవాళ్ళకేమైనా అయితే అని ఎన్ని జాగ్రత్తలో! మనవల్ల ఎదుటివాళ్ళకేమైనా అయితే అన్న మాట మాత్రం మనిళ్ళలో వినబడదు. మగవాళ్ళను అడగండి, "ఆదోనిలో తిరిగే బండికి ఎవరు పట్టుకుంటార్లే" అంటారు. ఇన్సూరెన్సంటే పోలీసు కోసం కట్టేది అన్నమాట. మరి దెబ్బ తగిలిన మనిషో?

2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలరు కొంటే ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఐదేళ్ళు గడిచాక గుర్తు పెట్టుకోవలసింది మనమే. 2022లో వచ్చిన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన పన్ను. పెళ్ళికి వెళ్ళి పెట్టే జాకెట్టు ముక్కల ఖర్చు.

కట్టకపోతే ఎంత మీద పడుతుందో కోర్టుల లెక్కలోనే చూద్దాం. నెలకు పదివేలు సంపాదించే ముప్పై ఏళ్ళ కూలీ ఆమె చనిపోయిందనుకోండి, ఆధారపడ్డవాళ్ళు నలుగురు. ఏడాదికి 1,20,000. ముందుముందు పెరిగే సంపాదన కింద నూటికి నలభై కలిపితే 1,68,000. ఆమె సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 1,26,000. ఆ వయసుకు దాన్ని 17తో హెచ్చిస్తారు. 21,42,000 రూపాయలు. ఇన్సూరెన్సు లేకపోతే ఇది కట్టవలసింది బండి యజమాని. అంటే చాలా ఇళ్ళలో మనం. ఇంట్లో వండిపెట్టే ఆడదానికి జీతం లేదు కదా అని కూడా తీసెయ్యడానికి లేదు. గృహిణి పనికీ ఆదాయం లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2021లో గట్టిగా చెప్పింది.

డాలస్‌లో ఉండే మా చెల్లెలు 'అంబ్రెల్లా పాలసీ' తీసుకున్నామని చెప్పింది. టెక్సాస్‌లో కారుకు కనీస ఇన్సూరెన్సు తీసుకుంటే ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లే ఇస్తుందట. నష్టం అంతకు మించితే సొంత ఆస్తికే ఎసరు. అందుకే కారు, ఇంటి పాలసీల పైన గొడుగులాగా ఇంకోటి, సాధారణంగా పది లక్షల డాలర్ల నుంచి మొదలు. ఇల్లూ పొదుపూ ఉన్నవాళ్ళు, కారు నడిపే వయసు పిల్లలున్నవాళ్ళు, ఈతకొలనో కుక్కో ఉన్నవాళ్ళు తీసుకుంటారట. విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళు డబ్బు పోసి విడిగా కొనుక్కునే గొడుగు మన చట్టం 714 రూపాయల్లోనే పెట్టింది. ఎదుటి మనిషి చావుకూ గాయానికీ మన థర్డ్ పార్టీకి పరిమితే లేదు. వస్తువుల నష్టానికి మాత్రమే ఉంది. అంత గొడుగు చేతికిచ్చినా మనం మూలన పారేసి వానలో తిరుగుతున్నాం.

"కంపెనీలు ఇస్తాయా ఏంది వదినా" అంటారు. థర్డ్ పార్టీ కేసులో పరిహారం తేల్చేది కంపెనీ కాదు, ట్రిబ్యునల్. కాకపోతే, లైసెన్సు లేనివాడి చేతికి బండిచ్చామా, బాధితులకు కట్టిన డబ్బు కంపెనీ తిరిగి మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. మైనరుకిస్తే తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. "మావాడు బాగా నడుపుతాడు" అని మురిసిపోయే అమ్మలారా, నేనూ అట్లే మురిసినదాన్నే.

మా వీధి ఆవిడ నాలుగు తులాలు అమ్మింది. ఆ కూలీ ఆమె ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది, ఈ ఏడు పత్తికి పోలేదు.

మా బండికి కట్టేశాను. తాళంచెవి కందిపప్పు డబ్బాలో ఉంది, మావాడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఐదు నెలలు.