బొమ్మల రోమియో జూలియట్‌లో చివరి పేజీలు చింపొద్దు



తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ రీడింగ్ పీరియడ్‌లో ఈ టర్మ్ షేక్‌స్పియర్ విషాద నాటకాలను మాంగా కామిక్స్‌గా చదివిస్తున్నాం. పేరెంట్స్ మీటింగ్‌లో దీని మీద రెండు అభ్యంతరాలు వచ్చాయి. ‘మేం ఫీజులు కట్టేది బొమ్మల పుస్తకాలకా?’ అన్నది మొదటిది. ‘చివరికి అందరూ చచ్చిపోయే కథలు పిల్లలకెందుకు మేడమ్?’ అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. మాంగా అంటే జపాన్ పద్ధతి కామిక్స్. బ్రిటన్‌లో సెల్ఫ్‌మేడ్‌హీరో అనే ప్రచురణ సంస్థ 2007లో ‘మాంగా షేక్‌స్పియర్’ వరుస మొదలుపెట్టింది. అందులో రోమియో, జూలియట్ కుటుంబాలు నేటి టోక్యోలో పగబట్టిన రెండు ముఠాలు. హామ్లెట్ కథ వాతావరణం దెబ్బతిన్న 2107 నాటి లోకంలో జరుగుతుంది. వేషాలు మారినా మాటలు షేక్‌స్పియర్‌వే, కాస్త కుదించారంతే. అర్థం కాని మాట పక్కనే ఆ మాట అంటున్న మనిషి ముఖం కనిపిస్తుంది కాబట్టి పిల్లలు డిక్షనరీ దాకా వెళ్లకుండానే చాలావరకు పట్టుకుంటున్నారు. మీలో ఎంతోమంది అమర్ చిత్ర కథలు చదివి పెరిగినవారే, బొమ్మలు చదువును చెడగొట్టవని మీకు వేరే చెప్పక్కర్లేదు.

రెండో ప్రశ్నే అసలైంది. మన పాత సంస్కృత నాటకాలు దాదాపు అన్నీ శుభంగానే ముగుస్తాయి. భాసుడి ‘ఊరుభంగం’ లాంటివి అరుదు. తెలుగులో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాసి ఆ కట్టు దాటారు. అయినా ఏడుపు మన జనానికి కొత్తేం కాదు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం తెల్లవారుజాము దాకా చాపల మీద కూర్చున్నవాళ్లు మీ ఇళ్లలోనే ఉంటారు, అడిగి చూడండి. పైగా మనది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి నాయనమ్మల నోట వినని పిల్లలు హంసలదీవి, కోడూరు, నాగాయలంక బస్సుల్లో ఉంటారనుకోను. చావు మాటే వాళ్ల చెవిన పడకుండా చేయడం మన చేతుల్లో లేదు.

మీ భయం దేని గురించో నాకు తెలుసు. ప్రేమ, ఇంట్లో గొడవ, ఆ తర్వాత విషం. పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఈ కథ పెట్టొచ్చా అని. జూలియట్‌కు ఇంకా పద్నాలుగు నిండలేదు, మన ఎనిమిదో తరగతి పిల్లల ఈడు. మూడో అంకంలో ఆమె ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ఈ పెళ్లి ఇప్పుడే వద్దని ఆమె మోకాళ్ల మీద పడి వేడుకుంటుంది. మాట వినకపోతే వీధిలో పడి చావమంటాడు తండ్రి. నాతో మాట్లాడకు అని తల్లి వెళ్లిపోతుంది. పెంచిన దాది కూడా నాన్న చెప్పిన సంబంధమే చేసుకోమంటుంది. ముగ్గురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ పిల్ల మాట వినేవాళ్లు లేరు. సారంగధరుడి కథా అంతే కదా, తండ్రి ఒకరి మాటే విని కొడుక్కి శిక్ష వేసేశాడు. ఇవి పిల్లల్ని చెడగొట్టే కథలని నేననుకోను. మనం కూడా చదవాల్సినవి.

అలాగని మాంగాను గుడ్డిగా వెనకేసుకురాను. ఆ బొమ్మల పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద కళ్లు, మెరిసే కన్నీళ్లు, గాలికి రాలే పూలు. వాటి మధ్య చావు కూడా అందంగా కనిపించే ప్రమాదముంది. దానికి విరుగుడు చివరి పేజీలు చింపేయడం కాదు. జూలియట్ బతికే ఉందని తెలిపే ఉత్తరం రోమియోకు చేరకపోవడం, అతను చనిపోయిన కాసేపటికే ఆమె కళ్లు తెరవడం ఆ చివర్లోనే ఉన్నాయి. ముగింపు మార్చి ఇద్దరికీ పెళ్లి చేస్తే ఆ తొందరపాటు ఎంత నష్టం చేసిందో పిల్లలకు తెలిసేదెలా? చివర రెండు అంకాలు మేం క్లాసులో గట్టిగా చదివి, ఒక్కో చోట ఆగి, ఇక్కడ ఎవరు ఏం చేసుంటే ఆమె బతికేదో పిల్లల్నే అడుగుతున్నాం. సమాధానాల్లో వాళ్ల నాన్న పేరు ఎక్కువసార్లు వస్తోంది.

పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయి, శనివారాలు ఇంటికి ఇస్తాం. మూడో అంకం పేజీలు మీ పిల్లల పక్కన కూర్చుని చదవండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, వాళ్లే చదివి చెబుతారు. మీకేమనిపించిందో సోమవారం డైరీలో రెండు మాటలు రాసి పంపితే, తెలుగులోనైనా సరే, వచ్చే నెల క్లాసులో చదివి వినిపిస్తాను.